దానమా, ఋణమా? – వివృత ప్రచురణకు గ్రంథాలయ ఒప్పందాల నైతిక ప్రాతిపదిక

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిల్వలను గుర్తించాడు. ప్రాణహిత–గోదావరి లోయ భూగర్భ నిర్మాణంపై ఆయన రాసిన సవివరమైన గ్రంథం 1881లో వెలువడింది. ఇల్లెందులో మొదలైన తవ్వకం కొత్తగూడేనికీ, తరువాత మణుగూరుకూ విస్తరించింది. నేడు మణుగూరు పరిసరాల్లో సింగరేణి ఉపరితల గనులు, భారజల కర్మాగారం, 1,080 మెగావాట్ల భద్రాద్రి తాప విద్యుత్ కేంద్రం ఉన్నాయి. వాటి నడుమా వాటి అంచునా కోయ గూడేలున్నాయి. ఇక్కడి బొగ్గు, గోదావరి నీరు, పొయ్యి నుంచి వెలువడే బూడిద, తరిగిన అడవి, మనుషుల ఆరోగ్యం, వారు మాట్లాడే భాష – ఇవన్నీ పరిశోధనకు వస్తువులే.

కింగ్ గ్రంథానికి కాపీహక్కు గడువు ఎన్నడో తీరిపోయింది. దాన్ని ఎవరైనా చదవవచ్చు. అదే లోయ మీద నేడు అంతర్జాతీయ విజ్ఞాన పత్రికల్లో వెలువడే వ్యాసాలలో అనేకం చందా చెల్లించిన సంస్థలకు మాత్రమే తెరుచుకుంటాయి. నూట నలభై ఏళ్ళ కిందటి నేల గురించి తెలుసుకోవడానికి ఆటంకం లేదు, నిన్నటి నీటి గురించి తెలుసుకోవడానికి ఉంది. ఆ నీళ్ళు తాగేవారికి రెండింటిలో ఏది అవసరమో చెప్పనక్కరలేదు.

ఈ స్థితిని మార్చడానికి ప్రపంచవ్యాప్తంగా ముందుకు వచ్చిన మార్గాలలో గ్రంథాలయ సమాఖ్యలు ప్రచురణ సంస్థలతో చేసుకొనే ఒప్పందాలు ముఖ్యమైనవి. ఆ ఒప్పందాల ఆర్థిక, సాంకేతిక పార్శ్వాలను గ్రంథాలయ శాస్త్రజ్ఞులు విస్తృతంగా చర్చించారు. వాటి వెనుక ఉన్న నైతిక ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశోధన ఫలితాన్ని అందరికీ తెరిచి ఉంచడం పండితలోకం చేసే దానమా, లేక అది తీర్చవలసిన ఋణమా? దీనికి ఇచ్చే సమాధానాన్ని బట్టి మంచి ఒప్పందం ఏదన్న నిర్ణయం మారుతుందని నా ప్రతిపాదన.

ఒప్పందాల స్వరూపం

విడివిడిగా చందా కట్టలేని గ్రంథాలయాలు కూటమిగా ఏర్పడి ప్రచురణ సంస్థలతో బేరమాడడం గ్రంథాలయ సమాఖ్య, అనగా కన్సార్షియం, మూలసూత్రం. మన దేశంలో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఈ పనిని రెండు దశాబ్దాలకు పైగా నిర్వహిస్తున్నది. విడివిడిగా పనిచేస్తున్న మూడు పథకాలను కలిపి 2015లో ఈ–శోధ్‌సింధును ఏర్పరచారు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. ముప్ఫై అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, కేంద్ర పరిశోధన సంస్థలకూ దీని ద్వారా అందుతున్నాయి. లబ్ధిదారుల సంఖ్య దాదాపు 1.8 కోట్లని ప్రభుత్వ అంచనా.

దీని విలువను తక్కువ చేయరాదు. ఏటా 2,000 కోట్లను 1.8 కోట్ల మందికి పంచితే తలకు దాదాపు 1,100 రూపాయలు. ఒక్క విజ్ఞాన పత్రిక వార్షిక చందాకే చాలని సొమ్ముతో వేల పత్రికలు ఒక విద్యార్థి ముందుకు వచ్చాయి. మారుమూల ప్రభుత్వ డిగ్రీ కళాశాలకూ ఐఐటికీ మధ్య ఉన్న అంతరాలలో ఒకటి కాగితం మీదైనా తొలగింది.

అయితే ఇది ప్రధానంగా చదివే హక్కును కొనే ఒప్పందం. తలుపు మునుపటి తలుపే. లోపలికి అనుమతి ఉన్నవారి జాబితా మాత్రం పెరిగింది. మణుగూరులో ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు ఆ జాబితాలో లేడు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నా అది విద్యాసంస్థ కాదు, పరిశోధన సంస్థ కాదు. కాబట్టి గని కార్మికుడూ లేడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు, న్యాయవాది, విలేకరి, గూడెంలోని ఉపాధ్యాయురాలు లేరు. తదుపరి దశలో ప్రజా గ్రంథాలయాల ద్వారా పౌరులందరికీ ప్రవేశం కల్పించాలన్న ఆలోచన పథకంలో ఉంది. అది కార్యరూపం దాల్చేవరకూ వీరంతా బయటివారే.

వివృత ప్రచురణను నేరుగా ఉద్దేశించిన ఒప్పందాలు వేరు. వాటిలో మూడు పద్ధతులు గమనార్హం. మొదటిది, చదువుకూ ప్రచురణకూ కలిపి చెల్లించే పద్ధతి. జర్మనీ విద్యాసంస్థల కూటమి 2019లో వైలీ సంస్థతో చేసుకొన్న ఒప్పందం ప్రకారం ఒక్కో వ్యాసానికి 2,750 యూరోలు చెల్లించారు. ఆ వ్యాసాలు ప్రపంచమంతటా ఉచితంగా లభించాయి. రెండవది, సెర్న్ నాయకత్వంలో 2014 జనవరిలో ప్రారంభమైన స్కోప్–3. కణభౌతిక శాస్త్ర పత్రికలకు గ్రంథాలయాలు కట్టే చందాలను ఒక ఉమ్మడి నిధికి మళ్ళించి, ఆ పత్రికలలోని వ్యాసాలను పాఠకుడికీ రచయితకూ ఖర్చు లేకుండా తెరిచారు. మూడవది, 'సబ్‌స్క్రైబ్ టు ఓపెన్'. పాత చందాదారులంతా యథాతథంగా చెల్లిస్తే ఆ ఏటి సంపుటం లోకమంతటికీ తెరుచుకుంటుంది. చెల్లించకుంటే మూసే ఉంటుంది. యాన్యువల్ రివ్యూస్ సంస్థ ఈ మార్గాన్ని అనుసరిస్తున్నది.

ఈ మూడూ పాఠకుడి విషయంలో సమానమే. రచయిత విషయంలో మాత్రం తేడా ఉంది. మొదటి పద్ధతిలో, ఒప్పందంలో ఉన్న సంస్థ పరిశోధకుడు స్వేచ్ఛగా ప్రచురిస్తాడు. లేని సంస్థ పరిశోధకుడు అదే పత్రికలో అదే సౌకర్యం కోసం సొంతంగా రుసుము కట్టాలి. చదువరి ముందున్న గడప తొలగి రాసేవాడి ముందుకు వచ్చింది. మన జాతీయ పథకంలో వివృత పత్రికల రుసుముల కోసం ఏటా 150 కోట్ల నిధి ఉంది. అది ఎంత ఉపయోగకరమైనా రుసుము అనే వ్యవస్థను అంగీకరించి దానికి ధనం సమకూర్చేదే తప్ప ప్రశ్నించేది కాదు.

దానమా, ఋణమా?

వివృత లభ్యత గురించిన చర్చలో ఔదార్య పరిభాష తరచుగా వినిపిస్తుంది. పథకాలు 'అందిస్తాయి', సంస్థలు 'ఉచితంగా ఇస్తాయి', పండితులు 'పంచుకుంటారు'. విద్య ఇచ్చేకొద్దీ పెరుగుతుందన్న భావన మన సంప్రదాయంలో బలమైనది కాబట్టి ఈ పరిభాష మనకు సహజంగా తోస్తుంది. ఒక దీపం నుంచి మరో దీపం వెలిగిస్తే మొదటి దీపానికి నష్టం లేదన్న వాదం వివృత ప్రచురణకు సరిగ్గా సరిపోతుంది. ఒకరు చదివినంత మాత్రాన మరొకరికి వ్యాసం తరిగిపోదు.

ఆ వాదం సత్యమే గాని, దాని నుంచి కర్తవ్యం పుట్టదు. ఇవ్వడం వల్ల నష్టం లేదనడం ఇవ్వవచ్చునని మాత్రమే చెబుతుంది. దానంలో నిర్ణయం దాతది. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది దాత ఇష్టం. పాత్రత నిర్ణయించేదీ అతడే. ప్రభుత్వ విద్యాసంస్థల వరకే ప్రవేశమని గీత గీసినప్పుడు దాన దృష్టితో చూస్తే ఆక్షేపించడానికి ఏమీ లేదు. ఇచ్చినంతవరకు పుణ్యమే.

ఋణం అలాంటిది కాదు. ఋణదాత ఎవరో ముందే నిర్ణయమై ఉంటుంది. తీర్చకపోవడం ఔదార్య లోపం కాదు, దోషం. మన సంప్రదాయంలోని ఋణత్రయంలో ఋషిఋణాన్ని అధ్యయన అధ్యాపనాలతో తీర్చాలన్నారు. జ్ఞానాన్ని ఋణంగా భావించడంలో ఆ ఆలోచన లోతైనది. కానీ ఆ ఋణానికి ఋషి ఒక్కడే దాత. ఎవరికి తిరిగి చెప్పాలన్న విషయంలో సంప్రదాయం చాలామందికి తలుపులు మూసింది. ఆ భావనను స్వీకరించాలంటే ఋణదాతల వరుసను మళ్ళీ లెక్కించాలి.

విజ్ఞాన వ్యాసానికి ఋణదాతలు ఎవరు? పూర్వ పరిశోధకులు మొదటివారు. వారి ఋణాన్ని ఉదాహరింపులతో గుర్తిస్తున్నాం. ప్రతిఫలం లేకుండా వ్యాసాన్ని పరిశీలించే సమీక్షకులు రెండవవారు. పన్నులతో ప్రయోగశాలను నడిపే పౌరులు మూడవవారు. వివృత లభ్యతను సమర్థించేవారు ఎక్కువగా ఈ మూడవ వర్గాన్ని చూపుతారు. ప్రజాధనంతో సాగిన పరిశోధన ప్రజలదే అన్న వాదం అదే. 2014 డిసెంబరులో కేంద్ర జీవసాంకేతిక, విజ్ఞాన సాంకేతిక శాఖలు ప్రకటించిన వివృత లభ్యతా విధానం దాని మీదే నిలిచింది. తమ నిధులతో వెలువడిన వ్యాసాల ప్రతులను భాండాగారాల్లో భద్రపరచాలని ఆ విధానం కోరింది. నాలుగవ ఋణదాత గురించి ఒప్పందాలూ విధానాలూ దాదాపు మౌనం వహిస్తాయి. పరిశోధనకు వస్తువై, సమాచారమిచ్చి, నమూనా ఇచ్చి, మాట చెప్పిన మనిషి అతడు.

సంతకం లేని పక్షం

తెలుగు పరిశోధకులకు ఈ నాలుగవ ఋణదాత కొత్తవాడు కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటి వెనుక జిల్లా జిల్లాలోనూ తమ పనిముట్ల పేర్లు చెప్పిన రైతులున్నారు. హైమెన్‌డార్ఫ్ గోదావరి తీరపు కొండరెడ్లపై రాసిన గ్రంథం 1945లో లండన్‌లో అచ్చయింది. గొమ్ము కోయ మాండలికానికి స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చింది. ఈ గ్రంథాలన్నీ ఎవరో ఒక ఇంటి ముందు కూర్చొని, ఎవరో పని ఆపి చెప్పిన మాటలు రాసుకొనగా రూపొందినవే. వీటిలో మొదటిది తెలుగులో, చెప్పినవారి రాష్ట్రంలో, అకాడమీ ప్రచురణగా వచ్చింది. తక్కిన రెండూ చెప్పినవారి భాషలో రాలేదు, వారి ఊరికీ రాలేదు. గ్రంథకర్తల నిజాయితీని ఇది శంకించడం కాదు. ప్రచురణ వ్యవస్థలో తిరుగు ప్రయాణానికి దారి లేకపోవడమే ఇక్కడి విషయం.

విజ్ఞాన పరిశోధనలో ఈ దూరం మరింత ఎక్కువ. మణుగూరు వంటి ప్రాంతంలో బావి నీటిని సీసాలో పట్టి తీసుకువెళ్ళినప్పుడు, రక్త నమూనా సేకరించినప్పుడు, చేలో మట్టి తవ్వినప్పుడు ఆ ఇంటివారు అనుమతి ఇస్తారు. ఫలితం ఏమైందో వారికి తెలిసే మార్గం మాత్రం పత్రికా వ్యవస్థలో లేదు. గ్రంథాలయం, ప్రచురణ సంస్థ ఒప్పందంపై సంతకం చేస్తాయి. నీరు ఇచ్చిన ఇల్లు ఆ ఒప్పందంలో పక్షం కాదు. అయినా ఆ ఒప్పందం కొనుగోలు చేసే వస్తువులో ఆ ఇంటి భాగం ఉంది.

కనుక ఒప్పందాన్ని తూచవలసిన ప్రమాణం ఇది: సంతకం లేని పక్షానికి అది ఏమి మిగులుస్తున్నది? ఈ ప్రమాణంతో చూస్తే చదివే హక్కును కొనే ఒప్పందం అసంపూర్ణం. రచయిత రుసుము కట్టే పద్ధతి పాఠకుడి ఋణం తీర్చి, పేద సంస్థలోని పరిశోధకుడిపై కొత్త భారం మోపుతుంది. స్కోప్–3 వంటి ఉమ్మడి నిధి, చందా ద్వారా తెరిచే పద్ధతి, రుసుమే లేని పత్రికలకు నేరుగా తోడ్పడే పద్ధతి – ఈ మూడింటిలో కూటమి తన సభ్యుల కోసం మాత్రమే గాక బయటివారి కోసం కూడా చెల్లిస్తుంది. నైతికంగా ఇవి మేలైనవి.

రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: గూడెంలోని మనిషి ఇంగ్లీషు జలవిజ్ఞాన వ్యాసం చదవడు; తలుపు తెరిచినా లోపలికి రాడు; అలాంటప్పుడు ఈ చర్చ ఆదర్శవాదం కాదా? దీనికి సమాధానంలో రెండు భాగాలున్నాయి. జ్ఞానం నేరుగా చేరడం అరుదు. మధ్యవర్తుల ద్వారా చేరుతుంది. ఉపాధ్యాయుడు, ఆరోగ్య కార్యకర్త, కార్మిక నాయకుడు, విలేకరి ఆ మధ్యవర్తులు. ఇప్పటి జాబితా సరిగ్గా వీరినే బయట ఉంచింది. ఇక రెండవ భాగం భాషకు సంబంధించినది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం బహిరంగ విచారణకు ముందు నివేదిక సారాంశాన్ని ఇంగ్లీషులోనే గాక స్థానిక భాషలోనూ అందుబాటులో ఉంచాలి. గని విస్తరించాలంటే సంస్థ తన నివేదిక సారాన్ని తెలుగులో చెప్పవలసి ఉండగా, ఆ గని నీటిపై పరిశోధన చేసిన పండితుడికి అలాంటి విధి ఏదీ లేదు. వ్యాపారం మీద చట్టం మోపిన బాధ్యతను విద్వల్లోకం తనంతట తాను స్వీకరించలేదంటే అది మనం ఆలోచించవలసిన విషయం.

రెండవ ఆక్షేపణ ఇంకా గంభీరమైనది. అన్నిటినీ తెరవడం మంచిదేనా? కోయ వైద్యుడికి తెలిసిన మూలికా జ్ఞానాన్ని వివృత పత్రికలో ప్రచురిస్తే దానితో లాభపడగలిగేది ముందుగా ఔషధ సంస్థలే. సమాజం గోప్యంగా ఉంచుకొన్న విషయాన్ని పరిశోధకుడు బహిర్గతం చేయడం వివృతం కాదు, అపహరణ. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రయోజనంలో వాటా అనే భావనను ప్రవేశపెట్టింది ఇందుకే. వివృతత్వమే పరమ విలువ అనుకొంటే ఈ ఆక్షేపణకు జవాబు లేదు. ఋణమే మూలమనుకొంటే జవాబు ఉంది. ఇచ్చినవాడికి తిరిగి చేర్చడం ఋణం తీర్చడం. ఇచ్చినవాడి సొత్తును సంతలో పెట్టడం కాదు. బావి నీటి పరీక్షా ఫలితాన్ని దాచడం, మూలికా రహస్యాన్ని బయటపెట్టడం పైకి పరస్పర విరుద్ధ క్రియలు. నైతికంగా రెండూ ఒకే దోషం. రెండింటిలోనూ చెప్పినవాడి హక్కు లెక్కలోకి రాలేదు.

గ్రంథాలయోద్యమ వారసత్వం

బయటివారి కోసం చెల్లించే కూటమి ఆచరణ సాధ్యమా అని అడిగేవారికి తెలుగు నేల అనుభవమే సమాధానం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. విడివిడి గ్రంథాలయాలు కూటమి కట్టడం మనకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నేర్పిన విద్య కాదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో నడిపిన పడవ గ్రంథాలయం పాఠకుడు రాలేని చోటికి పుస్తకమే వెళ్ళాలన్న సూత్రానికి ఆచరణ రూపం.

ఆ ఉద్యమం ఫలితమైన గ్రంథాలయ చట్టం ఇంటిపన్నుపై గ్రంథాలయ పన్నును విధించింది. రూపాయికి ఎనిమిది పైసల ఆ పన్నును చదువు రానివారూ కట్టారు. గ్రంథాలయం వాకిట నీవు ఏ సంస్థకు చెందినవాడివని అడిగేవారు లేరు. చెల్లించేది కొందరు, తెరిచేది అందరికీ అన్న పద్ధతి 'సబ్‌స్క్రైబ్ టు ఓపెన్'కు సరిగ్గా సమానం. కట్టనివాడు కూడా చదువుతాడే అన్న శంక ఆనాడూ ఉండి ఉంటుంది. చదువుకొన్న పొరుగువాడు కట్టినవాడికి కూడా లాభమేనన్న విశ్వాసం దాన్ని అధిగమించింది.

ఉద్యమం నేర్పిన రెండవ పాఠం మరింత ముఖ్యం. భాషానిలయ స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలిని స్థాపించి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించారు. తలుపు తెరిస్తే చాలదని, లోపల చదవగలిగిన పుస్తకం ఉండాలని ఆ తరం గ్రహించింది. ప్రవేశమూ భాషా వారికి ఒకే కార్యక్రమంలో రెండు భాగాలు. నేటి ఒప్పందాలు ఈ రెండింటిని విడదీశాయి. ప్రవేశం గ్రంథాలయ శాస్త్రానికి, భాష మన శాఖలకు దక్కాయి. రెండూ మాట్లాడుకోవడం మానేశాయి.

ముగింపు: మన పాత్ర

ఈ చర్చలో తెలుగు శాఖలు కేవలం ప్రేక్షకులు కావు. మన పరీక్షిత పత్రికలలో రచయితలూ సమీక్షకులూ ప్రతిఫలం ఆశించకుండా పనిచేస్తారు. ఆ విధంగా అవి వివృత ప్రచురణకు అత్యంత అనువైనవి. అయినా మన వ్యాసాలలో చాలా భాగం కొన్ని వందల ప్రతులు అచ్చయి, బీరువాల్లో మిగిలిపోతున్నాయి. వాణిజ్య సంస్థ మూసిన తలుపును విమర్శించే మనం, మూయవలసిన అవసరం లేకున్నా తెరవని తలుపును గురించి మౌనంగా ఉంటున్నాం. సిద్ధాంత గ్రంథాలను శోధ్‌గంగలో ఉంచే వ్యవస్థ 2009 నాటి యూజీసీ నిబంధనల తరువాత ఏర్పడింది. పత్రికల విషయంలో అటువంటి నిబంధన కోసం ఎదురుచూడనక్కరలేదు. సంపాదక వర్గం నిర్ణయం చాలు.

రెండు ప్రతిపాదనలతో ఈ వ్యాసాన్ని ముగిస్తాను. జాతీయ ఒప్పందాన్ని పునస్సమీక్షించేటప్పుడు, మన ప్రాంతం మీద, మన మనుషుల మీద జరిగిన పరిశోధనకు ప్రాంతీయ భాషలో ఒక పుట సారాంశం జతచేయాలన్న షరతును చేర్చాలి. ఆ పుట ఎవరికైనా తెరిచి ఉండాలి. దాన్ని సక్రమంగా, శాస్త్రానికి హాని లేకుండా తెలుగులో రాయగలిగే శిక్షణను ఇవ్వడం తెలుగు శాఖలు పాఠ్యప్రణాళికలో చేర్చుకోవలసిన పని. మణుగూరు విషయంలో తెలుగు కూడా చివరి మజిలీ కాదు. కోయ భాష మాట్లాడేవారికి తెలుగు సైతం కార్యాలయ భాషే. ఆ పుట కోయలోకి నోటిమాటగానైనా వెళ్ళాలి. ఇక రెండవది మన పరిశోధకుల నియమం: క్షేత్ర పర్యటనలో మాట తీసుకొన్న ఊరికి ముద్రిత వ్యాసం ప్రతిని తిరిగి తీసుకువెళ్ళి, చదివి వినిపించడం. దానికి ఒప్పందం అక్కరలేదు, నిధి అక్కరలేదు.

కింగ్ గుర్తించిన బొగ్గు పొర ఈ నేలను వెలుతురు ఇచ్చే నేలగా మార్చింది. దాని మూల్యం ఎవరు చెల్లించారో మనకు తెలుసు. ఆ నేల గురించి రాసిన ప్రతి వాక్యంలోనూ ఆ చెల్లింపులో కొంత భాగం ఉంది. దాన్ని తిరిగి ఇవ్వడానికి దానం అని పేరు పెట్టుకొనే హక్కు మనకు లేదు.